ముందు చెడగొట్టండి: గిటార్ పెడల్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించేవారికి తలకిందుల చిట్కాలు

సొంతంగా డిజిటల్ గిటార్ పెడల్ కట్టుకునేవాళ్లకు అందరూ చెప్పే మాట ఒకటే: జాగ్రత్త, తప్పు ఫైలు ఎక్కిస్తే బోర్డు పాడైపోతుంది. ఆ భయంతోనే చాలామంది సోల్డరింగ్ చక్కగా ముగించి, సాఫ్ట్‌వేర్ దగ్గరకు వచ్చేసరికి చేతులు ముడుచుకుంటారు. నేను చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. చేయగలిగిన తప్పులన్నీ మొదటి రోజే, కావాలని చేసేయండి.

ఈ ధైర్యం ఊరికే రాలేదు. పెడల్ కట్టేవారిలో ఎక్కువగా వాడుకలో ఉన్న డైసీ సీడ్ బోర్డునే తీసుకోండి. దాన్ని అమెరికాలోని ఎలక్ట్రోస్మిత్ సంస్థ 2020లో కిక్‌స్టార్టర్ ద్వారా తెచ్చింది. మన ప్రోగ్రామ్ వెళ్లి కూర్చునేది చిప్‌లోని 128 కేబీ ఫ్లాష్ మెమరీలో. కొత్త ప్రోగ్రామ్‌ను లోపలికి రానిచ్చే బూట్‌లోడర్ మాత్రం వేరే చోట, ఫ్యాక్టరీలోనే రాసిపెట్టిన మెమరీలో ఉంటుంది. యూఎస్‌బీ నుంచి మీరు ఏ ఫైలు పంపినా దాన్ని చెరపలేదు. అంటే సాఫ్ట్‌వేర్ ఎంత చెడినా వెనక్కి వచ్చే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

1. పెడల్ కట్టకముందే సాఫ్ట్‌వేర్ ఎక్కించండి. పెట్టె, నాబ్‌లు, ఫుట్‌స్విచ్ ఏవీ వద్దు. ఖాళీ బోర్డును బల్ల మీద పెట్టి యూఎస్‌బీ తీగ తగిలించండి. బోర్డు మీద రెండు బుల్లి బటన్లు ఉంటాయి: బూట్, రీసెట్. బూట్‌ను గోటితో నొక్కి పట్టుకోండి. అది వదలకుండానే రీసెట్‌ను ఒకసారి నొక్కి వదలండి. ఆ తర్వాతే బూట్ వదలండి. లైటు వెలగదు, చప్పుడు రాదు, బోర్డు చచ్చిపోయినట్టే ఉంటుంది. సరిగ్గా చేశారనడానికి అదే గుర్తు. ఇప్పుడు క్రోమ్ బ్రౌజర్‌లో డైసీ వెబ్ ప్రోగ్రామర్ తెరిస్తే ‘డీఎఫ్‌యూ ఇన్ ఎఫ్ఎస్ మోడ్’ అనే పేరుతో బోర్డు కనబడుతుంది. కనబడకపోతే ముందు తీగను అనుమానించండి. ఫోన్ చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే తీగల్లో డేటా వైర్లే ఉండవు. బ్లింక్ అనే చిన్న ప్రోగ్రామ్ ఎక్కించి, బోర్డు మీది ఎల్ఈడీ మిణుకుమిణుకుమంటే ముందుకు సాగండి.

2. సగంలో తీగ పీకేయండి. ఇది విని ముఖం చిట్లించేవాళ్లు ఉంటారు, అయినా చేయండి. ఫైలు ఎక్కుతుండగా తీగ లాగి, మళ్లీ తగిలించండి. ఎల్ఈడీ వెలగదు, ప్రోగ్రామ్ నడవదు. మళ్లీ బూట్, రీసెట్ నొక్కి అదే ఫైలు మొదటినుంచి ఎక్కించండి. బోర్డు లేచి కూర్చుంటుంది. రేపు కరెంటు పోయి నిజంగానే సగంలో ఆగిపోయినా మీరు కంగారుపడరు.

3. ఎర్రర్ వచ్చినా పట్టించుకోకండి. బ్రౌజర్ బదులు కమాండ్ లైన్‌లో డీఎఫ్‌యూ-యుటిల్ అనే సాధనంతో ఫైలు ఎక్కించేవారికి చివర్లో స్టేటస్ అందలేదంటూ ఓ ఎర్రర్ కనిపించడం మామూలే. దానికి ముందు వరుసల్లో ఫైలు విజయవంతంగా ఎక్కిందని ఉంటే పని అయిపోయినట్టే. బోర్డు అప్పటికే కొత్త ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టి, కంప్యూటర్ అడిగిన ఆఖరి ప్రశ్నకు జవాబివ్వకుండా వెళ్లిపోయింది, అంతే. ముందు వరుసల్లో ఆ మాట లేకపోతేనే మళ్లీ ఎక్కించండి.

4. పెడల్ కట్టాక మొదట ఎఫెక్టే లేని ప్రోగ్రామ్ ఎక్కించండి. అందరూ నేరుగా రివర్బ్ ఎక్కిస్తారు. బుస్సుమని శబ్దం వస్తే తప్పు సోల్డరింగ్‌లో ఉందో, కోడ్‌లో ఉందో తెలియక రాత్రంతా తలపట్టుకుంటారు. లోపలికొచ్చిన ధ్వనిని ఉన్నదున్నట్టు బయటికి పంపే ప్రోగ్రామ్ వేయండి. అప్పుడూ బుస్సుమంటే తప్పు తీగల్లోనో, అడాప్టర్‌లోనో ఉంది. శుభ్రంగా వినిపిస్తే ఆ తర్వాత వచ్చే ప్రతి చప్పుడుకూ కోడ్‌నే నిలదీయవచ్చు.

5. పెద్ద అంకెల వెంట పడకండి. బోర్డు 96 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు ఇవ్వగలిగినా 48 దగ్గరే ఆగండి. ప్రాసెసర్‌ను 480 మెగాహెర్ట్జ్‌తో నడిపితే, 48 దగ్గర ఒక్కో శాంపిల్‌కు 10,000 క్లాక్ సైకిళ్లు దొరుకుతాయి. 96కు వెళ్తే అవి 5,000 అవుతాయి. గిటార్ స్పీకర్లు 5, 6 కిలోహెర్ట్జ్ దాటాక ఎలాగూ పెద్దగా పలకవు. వినిపించని దాని కోసం మంచి రివర్బ్‌కు కావలసిన శక్తిని సగం వదులుకోవడం ఎందుకు?

6. పెట్టె మూత బిగించకండి, అప్‌డేట్ చేయకండి. టెర్రేరియం లాంటి పెడల్ సర్క్యూట్ బోర్డు మీద డైసీని గుచ్చి పెట్టెలో అమర్చాక యూఎస్‌బీ పోర్టు లోపలే ఉండిపోతుంది. నాబ్‌లన్నీ సరిచూసుకునేదాకా స్క్రూల జోలికి వెళ్లొద్దు. నచ్చిన ధ్వని దొరికిన రోజున అప్పుడు ఎక్కించిన బిన్ ఫైలును తేదీతో, కోడ్‌తో సహా దాచుకోండి. డైసీ లైబ్రరీ కొత్త వెర్షన్ వచ్చిందని దాన్ని కదిలించకండి. వాయించేవాడికి కావలసింది నిన్న వినిపించిన ధ్వని ఇవాళ కూడా వినిపించడం.

ఇన్ని తప్పులు చేయమన్నాను గానీ, మూడు చోట్ల మాత్రం ఒక్క తప్పు కూడా చేయకండి. విండోస్‌లో జాడిగ్ అనే సాధనంతో యూఎస్‌బీ డ్రైవర్ మార్చేటప్పుడు జాబితాలో ‘డీఎఫ్‌యూ ఇన్ ఎఫ్ఎస్ మోడ్’నే ఎంచుకోండి. పొరపాటున కీబోర్డును ఎంచుకుంటే అది పలకడం మానేస్తుంది. పెడల్‌కు 9 వోల్టుల అడాప్టర్ తగిలించే ముందు మధ్య పిన్ను నెగెటివ్ అవునో కాదో చూడండి. తీగలు కలిపాక వేరే బోర్డు కోసం రాసిన ఫైలును ఎక్కించకండి. ఆ ప్రోగ్రామ్ ఏ పిన్నులోకి వోల్టేజీ పంపుతుందో మీకు తెలియదు.

చెడిన ప్రోగ్రామ్‌ను రెండు బటన్లు బాగుచేస్తాయి. కాలిన చిప్‌ను ఏదీ బాగుచేయదు. మీ భయాన్నంతా ఆ రెండోదాని కోసం దాచుకుని, మొదటిదాని విషయంలో ఈ రోజే చేతులు మురికి చేసుకోండి.