లెస్స పలికిన పండితులు

ఇంగ్లీషులో లెస్ అన్నా ఫ్యూయర్ అన్నా తెలుగువారికి 'తక్కువ' అనే ఒక్క మాటతో పని జరిగిపోతుంది. అయితే ఇంగ్లీషు శుద్ధివాదులు, అనగా వాడుకలో వచ్చే ప్రతి మార్పునూ పతనంగా భావించే పెద్దలు, ఆ రెండు మాటల నడుమ ఒక లక్ష్మణరేఖ గీసి తరతరాలుగా కాపలా కాస్తున్నారు. ఒకటి, రెండు అని లెక్కపెట్టగల వస్తువులకు ఫ్యూయర్, పాలు, పంచదార వంటి కొలిచే పదార్థాలకు లెస్ వాడాలన్నది ఆ రేఖ. దాటినవారికి జరిమానా ఏదీ లేదు. వారికి చదువు అబ్బలేదని పక్కవారితో గుసగుసలాడటమే శిక్ష.

ఈ నియమం అపౌరుషేయమన్నట్టు వారు మాట్లాడతారు గానీ, దానికి తండ్రి పేరూ పుట్టిన సంవత్సరమూ ఉన్నాయి. 1770లో రాబర్ట్ బేకర్ అనే ఆయన ఇంగ్లీషు భాషపై ప్రచురించిన పరిశీలనల పుస్తకంలో, సంఖ్యను చెప్పేచోట కూడా జనం సాధారణంగా లెస్ అనే అంటున్నారని ఒప్పుకుంటూనే, అక్కడ ఫ్యూయర్ అంటే మరింత సొంపుగా ఉంటుందని తనకు తోస్తున్నట్టు రాసుకున్నాడు. పదిహేనో ఏట బడి మానేశాననీ, గ్రీకు నేర్వలేదనీ కూడా ఆయన దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. ఆయన అభిరుచిని వారసత్వంగా పుచ్చుకున్నవారు ఆ వినయాన్ని మాత్రం పుచ్చుకోలేదు. 'నాకు తోస్తున్నది' అన్న మాట చేతులు మారేకొద్దీ శాసనమైంది.

బేకర్‌కు దాదాపు తొమ్మిది వందల ఏళ్ల ముందు, ఇంగ్లండులోని వెసెక్స్ రాజు ఆల్‌ఫ్రెడ్ పేరిట వెలసిన బొయీథియస్ అనువాదంలో, 'తక్కువ మాటల్లో' అనే భావానికి లెస్ పూర్వరూపమే కనిపిస్తుంది. నాటి వ్యాకరణంలో ఆ మాట వెంట వచ్చే నామవాచకం షష్ఠీ బహువచనంలో ఉండేది గనుక 'మాటలలో తక్కువ పాలు' అని అన్వయం కుదిరేది. కాలక్రమంలో విభక్తి ప్రత్యయాలు రాలిపోగా మిగిలిన వాడుకే నేటి శుద్ధివాదులకు అపచారంగా కనిపిస్తున్నది. వారి లెక్కన రాజుగారికి ఇంగ్లీషు రాదు.

నియమానికి నియమపాలకులే పెట్టుకున్న మినహాయింపులు మరీ ముచ్చటైనవి. రూపాయలనూ, మైళ్లనూ, గంటలనూ లెక్కపెట్టలేని మనిషి ఉండడు, అయినా వాటి దగ్గర లెస్ అనడమే సాధువని వారే అంటారు. అవి విడి వస్తువులు కావు, మొత్తాలు అన్నది సమర్థన. అదే నిజమైతే అంగడిలో బుట్టకెత్తుకున్న పది సరుకులు ఎందుకు మొత్తం కావో ఎవరూ చెప్పరు. బ్రిటన్‌లోని టెస్కో దుకాణాల్లో తక్కువ సరుకులున్నవారి వరుసకు కట్టిన పలకపై 'పది లేదా లెస్' అన్న అర్థంలో రాసి ఉండటం పెద్ద వివాదమై, చివరకు 2008లో ఆ సంస్థ 'పది వరకు' అన్న అర్థం వచ్చేలా పలక మార్చుకుంది. ఆ వరుసలో బుట్ట పట్టుకు నిలబడినవారిలో పాత పలక అర్థం కాక వెనుదిరిగిన మనిషి ఉండడు.

డిస్‌ఇంటరెస్టెడ్, అన్‌ఇంటరెస్టెడ్ అనే జంట కథ ఇంకొక రకం. మొదటిది స్వలాభం చూసుకోని నిష్పాక్షికుడికి, రెండవది ఆసక్తి లేనివాడికి చెల్లుతుందని, జనం వీటిని కలగాపులగం చేస్తున్నారని వాపోవడం పరిపాటి. పదిహేడో శతాబ్దంలో మొదటి మాట ఆసక్తిలేమికీ, రెండవది నిష్పాక్షికతకూ వాడబడిన దాఖలాలు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోనే ఉన్నాయి. ఈ తేడా పనికిరానిదని దీని భావం కాదు; తీర్పరికి మొదటి గుణం ఉండాలి, రెండవది ఉంటే విచారణలో కునుకు తీస్తాడు. పనికొచ్చే తేడాను పనికొస్తుందని కాపాడుకోక, అనాదిసిద్ధమని దబాయించడంలోనే తంటా ఉంది.

మాట పొరపాటు నిజంగా ప్రాణం మీదికి తెచ్చే చోట ఏం జరిగిందో చూస్తే వీరి కాపలా విలువ తేలుతుంది. ఇన్‌ఫ్లేమబుల్ అంటే మండేది; ముందున్న 'ఇన్' లాటిన్‌లో 'లోనికి' అనే అర్థమిచ్చే ఉపసర్గ, కానీ అదే రూపంలో నిషేధార్థకమూ ఉండటంతో ఆ మాటను మండనిదని పొరబడే ప్రమాదం పొంచి ఉంది. అందుకే 1920లలో అమెరికా జాతీయ అగ్నిమాపక రక్షణ సంఘం దాని బదులు ఫ్లేమబుల్ రాయమని కోరింది. లాటిన్ రాదని జనాన్ని దెప్పలేదు, డబ్బా మీది మాటనే మార్చమంది. మన రోడ్ల మీద పెట్రోలు ట్యాంకర్లకు మాత్రం నేటికీ 'హైలీ ఇన్‌ఫ్లేమబుల్' అనే ఉంటుంది. ఈ పాత మాటపై శుద్ధివాదులకు ఎందుకో కోపం రాదు.

ఆ బేకర్ అభిరుచే తెలుగు రాష్ట్రాల నిరుద్యోగికీ సంక్రమించింది. విదేశీ సైనికదళపు సాహస నవల 'బో జెస్ట్'ను 1924లో వెలువరించిన పి.సి. రెన్, హెచ్. మార్టిన్‌తో కలిసి కూర్చిన వ్యాకరణం ఇక్కడి విద్యార్థులకు భగవద్గీత. దాన్ని పిండి చేసిన గైడ్లలో 'తరచు తికమక పెట్టే మాటలు' అనే అధ్యాయం తప్పక ఉంటుంది. బ్యాంకు పరీక్షల్లో తప్పు జవాబు గుర్తిస్తే పావు వంతు మార్కు కోత గనుక అభ్యర్థి ఆ అధ్యాయాన్ని కంఠతా పడతాడు. గనిలో పేలుడు జరిగి యాభైమందికి లెస్ కాకుండా చనిపోయారన్న వాక్యం ఆ అభ్యాసాల్లో పాత చుట్టం; అందులో దోషమెక్కడుందో వెతకమంటే, కార్మికుల చావును దాటుకుని, అభ్యర్థి 'లెస్' కింద గీత గీయాలి.