రెండు నొక్కుడు

రాజమహేంద్రవరమున దానవాయిపేటలో, పదవీవిరమణ చేసిన యొక తెలుగు పండితుని ఇంట, పడకకుర్చీ ప్రక్కనున్న బల్లపై చిరకాలము కాపురము చేసిన మీటల టెలిఫోనును నేను. 1995లో నన్ను తెచ్చి తీగకు తగిలించిన లైన్‌మాన్, నా అడుగున నున్న గోరంత స్విచ్చిని ‘పీ’ అను అక్షరమువైపునకు జరిపి, “ఎక్స్ఛేంజి పాతదైనా కొత్తదైనా ఇలా ఉంటే ఢోకా లేదు మాస్టారూ” అని చెప్పి వెళ్లెను.

ఆ మాట సత్యమే. పీ స్థితిలో నేను అంకెను పలుకను. తీగలోని విద్యుత్తును లెక్కప్రకారము తెంపుదును, రెండునకు రెండుమారులు, సున్నకు పదిమారులు. టీ స్థితిలో నైనచో ప్రతి అంకెకును రెండు స్వరములు జంటగా వెలువడును. రెండవ మీటకు సెకనుకు 697 కంపనములదొకటి, 1336 కంపనములదొకటి. కొత్త ఎక్స్ఛేంజికి ఏ భాషయైనను తెలియును గాని, సంస్థల గుమ్మములలో నిలిపిన మాటలయంత్రములకు జంటస్వరములే తెలియును. ఈ భేదమును ఎరుగవలసిన యవసరము మా ఇంట నెవ్వరికిని కలుగలేదు.

2018 వేసవిలో ఒకనాటి సాయంకాలము మాస్టారు పాసుపుస్తకము అచ్చు వేయించుకొని వచ్చి, కండ్లద్దములు సవరించుకొని చూడగా, తాము తీయని పదివేల రూపాయలు పింఛను ఖాతానుండి పోయియుండెను. తనవలనను బ్యాంకువలనను గాక మూడవవాని మూలమున జరిగిన ఇట్టి మోసమును, సమాచారమందిన మూడు పనిదినములలోపల తెలియజేసిన ఖాతాదారునకు నష్టము అంటరాదని రిజర్వు బ్యాంకు 2017 జూలైలోనే ఆదేశించియుండెను. అప్పటికి శాఖ మూసివేసిరి. తెలియజేయుటకు మిగిలిన ద్వారము నేనే.

1800తో మొదలగు బ్యాంకు నంబరు కలిసెను. “తెలుగు కోసం రెండు నొక్కండి” అని ముందుగా నింపియుంచిన స్త్రీకంఠము పలికెను. మాస్టారు నొక్కిరి; నేను తీగను రెండుమారులు తెంపితిని. “మీరు ఏమీ ఎంచుకోలేదు” అనెను యంత్రము. మరింత గట్టిగా నొక్కిరి. మూడవ ప్రయత్నమున లైను తెగిపోయెను. తరతరముల పిల్లలకు గురులఘువులు గుర్తించుట నేర్పిన ఆ వ్రేలు, దోషము తనదేయని తలచి వణకినది. దోషము నాది, ఇతరుల మాటలను మోయుటే గాని నా మాట చెప్పుకొనుటకు నాకు వీలు లేదు.

ప్రక్కయింటి ఇంటర్మీడియేటు కుర్రవాడు వచ్చి, నన్ను బోర్లించి చూచి, స్విచ్చిని టీవైపునకు జరిపెను. “ఇప్పుడు నొక్కండి తాతగారూ.” ఆనాడు మొదటిమారు పాడితిని. యంత్రము వినెను.

కార్డును నిలుపుదల చేయుట అంకెలతోనే ముగిసెను. పోయిన సొమ్ము సంగతి చెప్పుకొనుటకు మాత్రము మనిషి కావలెను. ఆ మనిషికై నిరీక్షణ ఆరంభమయ్యెను. ఒకే వీణాఖండము మరల మరల మ్రోగుచుండ, నడుమ నడుమ “మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం” అను వాక్యము వచ్చుచుండెను. అంతలో కరెంటు పోయెను, ఫ్యాను ఆగెను, ఎక్స్ఛేంజి బ్యాటరీల 48 వోల్టులే నాకు ప్రాణము గనుక నేను ఆగలేదు. చీకటిలో ఆ వృద్ధుని చెమట నా రిసీవరును తడిపినది. ఎందరు పిలిచిన, ఎందరు పలికెడివారున్న, ఎంతసేపు వేచియుండవలసివచ్చునో గణించు సూత్రమును డెన్మార్కు గణితజ్ఞుడగు ఎర్లాంగ్ 1917లోనే ప్రకటించెను. కావున ఇట్టి నిరీక్షణను దైవికమనుటకు నాకు మనసొప్పదు. పలికెడివారిని ఎందరిని నియమింపవలెనో నిర్ణయించువారు దీనినిగూడ నిర్ణయించుచున్నారు.

నలువది నిమిషములకు ఒక యువతి కంఠము వినవచ్చెను. ఆమె ఎదుటగల ప్రశ్నలకు వరుస గలదు. మాస్టారి గోడుకు వరుస లేదు. ఆయన పింఛనునుండి, భార్య మందులనుండి మొదలుపెట్టిరి. ఆమె అడ్డుపడలేదు. అంతయు విని, “కంగారు పడకండి మాస్టారూ, ఇప్పుడే రాసుకుంటున్నాను” అనెను.

“రాత్రి పదయిందమ్మా, నువ్వు భోంచేశావా?”

తీగలో క్షణకాలము ఊపిరి చప్పుడే. “షిఫ్టు అయ్యాక తింటానండీ.”

పిదప ఫిర్యాదు సంఖ్యను ఒక్కొక్క అంకెగా చెప్పెను. కుర్రవాడు పట్టిన సెల్‌ఫోను వెలుతురులో మాస్టారు దానిని గోడ క్యాలెండరు అంచున పెన్సిలుతో వ్రాసికొని, మరల మొదటినుండి చదివి వినిపించిరి. ఒక అంకె తప్పినది. ఆమె దానిని సరిచేసి, ఆయన మూడవమారు చదువువరకు లైనులోనే నిలిచియుండెను.