కిటికీగా పుట్టి గుమ్మమయ్యాను

నన్ను కట్టినవాళ్లు నాలోంచి గాలీ వెలుతురూ రావాలనుకున్నారు. మనుషులు నడిచి వస్తారని ఊహించలేదు. ఫిలిప్పీన్స్‌లోని లుజోన్ దీవిలో, పంపాంగా ప్రాంతపు బకోలోర్ అనే ఊళ్లో శాన్ గిల్యెర్మో చర్చి ఉంది. ఆ చర్చి కిటికీల్లో నేనొకదాన్ని. 1880 భూకంపానికి పాత కట్టడం కూలితే మాన్యుయెల్ దియాజ్ అనే పాదరీ 1897లో మళ్లీ కట్టించారు. నా పుట్టుక అప్పుడే. నేలకు మూడు నిలువులకు పైన ఉండేదాన్ని. కింద నడిచేవాళ్ల తలపాగాలూ టోపీలే తప్ప ముఖాలు కనిపించేవి కావు.

అంత ఎత్తునుంచి చూస్తే అంతా పల్లం. చుట్టూ వరి, చెరకు, మధ్యలో బురదలో నాగలి లాగే దున్నలు. మైదానంలో ఒంటరిగా నిలబడ్డ అరాయత్ కొండ మాత్రం అందరికీ తెలుసు. పడమటి కొండల వరుసలో పినతుబో అనేదొకటి ఉన్నా, ఐదు వందల ఏళ్లుగా నిద్రపోతున్న దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. దాని వాలుల మీద ఆయెతా జనం బతికేవారు. కిందివాళ్లకు అది ఏరులు పుట్టే చోటు, అంతే.

ఊరు నాకంటే చాలా పెద్దది. 1576 నుంచి ఇక్కడ చర్చి ఉంది. 1762లో బ్రిటిష్ సేన మద్రాసు రేవులో ఓడలెక్కి, అక్కడి సిపాయిలను కూడా వెంటబెట్టుకుని వచ్చి మనీలాను పట్టుకుంది. అప్పుడు స్పానిష్ అధికారి సిమోన్ దె ఆందా లొంగలేదు. రాజధాని వదిలి ఈ ఊరికి వచ్చి ఇక్కడినుంచే పాలన నడిపాడు. అలా ఈ వరిపొలాల ఊరు కొంతకాలం దేశానికే రాజధాని అయింది. తర్వాత పంపాంగాకు కేంద్రంగా ఉంటూ, 1904లో ఆ హోదాను శాన్ ఫెర్నాండోకు ఇచ్చేసింది.

హోదా పోయినా మాట మిగిలింది. అంతకు ముందే 1900లో ఇక్కడి కపంపాంగన్ భాషలో తొలి సంగీత నాటకం ఆడింది ఇక్కడే. కవి హువాన్ క్రిసోస్తోమో సోతో పుట్టిందీ ఇక్కడే. ఆశువుగా పద్యాలతో వాదించుకునే పోటీని ఇప్పటికీ ఆయన పేరు మీద క్రిస్సోతాన్ అంటారు. మట్టిలో పనిచేసేవాళ్ల ఊళ్లో అంత పద్యం పుట్టడం చూసి నేను గర్వపడ్డాను, ఇప్పటికీ పడుతున్నాను.

1991 జూన్ 15న పినతుబో పేలింది. ఇరవయ్యో శతాబ్దంలో అంతకంటే పెద్ద పేలుడు అలాస్కాలో జరిగిందొక్కటే. అదే రోజు తుఫాను కూడా వచ్చింది. బూడిద వానలో తడిసి బరువెక్కి ఇళ్ల కప్పుల్ని కూల్చింది. కొండ ఎత్తు 250 మీటర్లకు పైగా తగ్గింది. అయినా మా ఊరు నిలబడింది. గండం గడిచిందనుకున్నారు.

గడవలేదు. పేలుడు ఒక్క రోజుది, దాని బాకీ ఏళ్ల తరబడి వచ్చింది. వాలుల మీద గుట్టలుగా మిగిలిన బూడిద, నురగరాయి ప్రతి వానాకాలం నీళ్లతో కలిసి కిందికి దిగేవి. దాన్ని లహార్ అంటారు. తడి సిమెంటులా చిక్కగా ఉంటుంది, బండరాళ్లను కూడా మోసుకొస్తుంది. మా పక్కనున్న పాసిగ్-పొత్రెరో ఏటి అడుగు ఏటేటా మేటవేసి పైకి లేచింది. 1993లో కొండమీద సకోబియా నది తలభాగం తెగి ఇటు కలిసింది. ఆ నదికి పోవలసిన బూడిద కూడా ఇక మా ఏటికే. ఏరు ఊరికంటే ఎత్తయ్యాక ఏం జరుగుతుందో రైతుకు చెప్పక్కర్లేదు.

1995 అక్టోబర్ 1న తుఫాను వానలకు లహార్ ఊరిమీద పడింది. మా ఊరి పేట కబలాంతియాన్‌లో ఇళ్ల కప్పులెక్కినవాళ్లను కూడా వదల్లేదు. వందలమంది పోయారు. పన్నెండు మీటర్ల చర్చిలో ఆరు మీటర్లు భూమిలోకి పోయింది. ద్వారం మూసుకుపోయింది. నేను నేలను తాకాను.

తర్వాత జరిగింది నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఊరంటే నాకు అప్పుడే తెలిసింది. చర్చిని వదిలేసి ఇంకోచోట కట్టుకోవచ్చు. అలా చేయలేదు. మేట తవ్వి, బలిపీఠాన్నీ దాని వెనకున్న చెక్కడపు గోడనూ బయటికి తీశారు. గోపురం కిందికి జరిపితేనే అది పట్టింది. కొత్త నేలమీద బెంచీలు వేశారు. నన్ను గుమ్మం చేశారు.

పొలాల సంగతి అంత తేలిక కాదు. గట్లూ హద్దురాళ్లూ అడుగున ఉండిపోయాయి. పైన మిగిలిన ఇసుకనేలలో నీరు నిలవదు, సారం లేదు. వరి పండిన పంపాంగా నేలల్లో రైతులు చిలగడదుంప వేసి చూశారు, చెరకు వేసి చూశారు. ఊళ్లు ముంచిన ఆ ఇసుకనే తవ్వి ఇళ్లు కట్టడానికి లారీల్లో అమ్ముతున్నారు. కొండవైపు పెద్ద కరకట్ట కట్టారు.

చాలామంది పునరావాస కాలనీల్లో స్థిరపడ్డారు. అయినా నవంబరులో లా నావల్ మాత పండుగకు తిరిగి వస్తారు. ఇప్పుడు నాకు వాళ్ల ముఖాలు తెలుసు. ఊరేగింపు మొదలయ్యేలోపు ముసలివాళ్లు బయట నిలబడి, తమ పొలం ఏ వైపున ఉండేదో మనవలకు చేతులు చాచి చూపిస్తారు. పక్కవాళ్లు కాదంటారు, ఇంకాస్త ఉత్తరానికంటారు. ఊరేగింపు కదిలేదాకా ఆ వాదన తెగదు.