మర్పల్లి కశ్మీర్, బన్సీలాల్‌పేట్ ఊటీ

మొత్తానికి సాధించాం. అనంతగిరి కొండల పుణ్యమా అని వికారాబాద్ జిల్లాకు ‘తెలంగాణ ఊటీ’ హోదా ఎప్పటినుంచో ఉంది. 2023 మార్చి 16న మర్పల్లిలో రాళ్ళ వాన దంచేసరికి ఏకంగా కశ్మీర్‌గా ప్రమోషన్ వచ్చేసింది. ఖాళీ అయిన ఊటీ పోస్టును ఊరికే వదులుతామా? మే మొదటి వారానికల్లా హైదరాబాద్ వచ్చి అందులో కూర్చుంది. బన్సీలాల్‌పేట్‌లో ఇంటి అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్న నేను, ఫోన్ చెబుతున్న ప్రకారం, ప్రస్తుతం నీలగిరుల్లో ఉన్నాను.

నీలగిరుల్లో యూకలిప్టస్ వాసన వస్తుందంటారు. మా గల్లీలో డ్రైనేజీ వాసన వస్తోంది. అది తప్ప తేడా ఏమీ లేదు.

ఈ కాలంలో మిద్దె మీద వడియాలు ఎండాలి. మామిడికాయ తొక్కుకు ముక్కలు తరగాలి. వడియాలు పెట్టిన గుడ్డ మూడోసారి కూడా తడిసింది. మోండా మార్కెట్‌కు పోతే కాయ చవగ్గా ఉంది నిజమే, కానీ అది గాలికి రాలిన కాయ. వడగల్లు తగిలిన చోట నల్లగా కమిలి, రెండో రోజుకు మెత్తబడుతుంది. దాంతో తొక్కు పెడితే ఏడాది కాదు, నెల కూడా నిలవదు. ఈ మాట అన్నానని మా వీధిలో ఒక కుర్రాడు నన్ను జాలిగా చూశాడు. ‘అంకుల్, క్లైమేట్ ఎంజాయ్ చెయ్యండి’ అన్నాడు. దుప్పటి కప్పుకుని ఎంజాయ్ చేస్తున్నాను నాయనా.

ఇంతకీ ఈ కశ్మీర్ ప్రమోషన్ ఇప్పించిన రీళ్ళ సంగతి. మర్పల్లి రోడ్లు, పొలాలు తెల్లబడ్డ వీడియోలు వచ్చిన రోజు నుంచి ఒకటే నమూనా. దోసిట్లో వడగళ్ళు పోసుకుని ముఖాన చల్లుకోవడం, వెనక ‘రోజా’ సినిమా పాట, కింద ‘కశ్మీర్ కాదు గురూ, మన తెలంగాణే’ అనే వాక్యం. ఆ సినిమా తీసే రోజుల్లో కశ్మీర్‌లో షూటింగ్‌కు పరిస్థితి లేక మనాలీకి వెళ్ళారు. అంటే పాటలోది కశ్మీర్ కాదు, వీడియోలోదీ కశ్మీర్ కాదు. చేతిలో ఉన్నది మంచూ కాదు. ఇన్ని కానివాటిని కలిపితే లక్షల లైకులు అయ్యాయి.

మనకసలు ఊరిని ఊరి పేరుతో పిలిస్తే తృప్తి ఉండదు. లంబసింగి ఆంధ్రా కశ్మీర్. హార్సిలీ హిల్స్ ఆంధ్రా ఊటీ. పాపం ఊటీ వాళ్ళు తమ ఊరిని ఏమని పిలుచుకుంటున్నారో. మన ఊళ్ళను డల్లాస్, లండన్, ఇస్తాంబుల్ చేసే సంగతి ఎన్నికల సభల్లో చూసుకుంటారు కనుక వాటి జోలికి పోను. కానీ ఒకటి గమనించాలి. మన ఊరు ఇంకో ఊరులా మారిందని మనం సంబరపడిన ప్రతిసారీ ఆ రెండో ఊరి చలి, పొగమంచు, అందమే అద్దెకు తెచ్చుకుంటాం. అక్కడి మనుషుల కష్టం మాత్రం అక్కడే వదిలేస్తాం. అసలు కశ్మీర్‌లోనే వేళ కాని వేళ మంచు పడితే తోటల వాళ్ళు నెత్తి కొట్టుకుంటారు. 2019 నవంబర్‌లో ముందుగా కురిసిన మంచుకు ఆపిల్ చెట్లు కొమ్మలతో సహా విరిగిపడ్డాయి. ఆ రోజు వాళ్ళెవరూ రీలు తీసి ‘ఇది మర్పల్లి కాదు గురూ’ అని రాయలేదు.

ఇంకో అన్యాయం. మంచు పడాలంటే పైనా కిందా చల్లగా ఉండాలి. వడగళ్ళు పడాలంటే కింద నేల కాలాలి. ఎండకు వేడెక్కిన గాలి తేమను మోసుకుని నిట్టనిలువుగా లేస్తుంది. పది కిలోమీటర్ల పైదాకా పెరిగే క్యుములోనింబస్ మేఘంలో నీటిబొట్టు గడ్డకడుతుంది. అది పడబోతుంటే గాలి మళ్ళీ పైకి ఎగదోస్తుంది. అలా పొర మీద పొర కట్టుకుని, గాలి ఇక మోయలేనంత బరువయ్యాక నేల మీదికి వస్తుంది. అంటే మర్పల్లిలో తెల్లగా పరుచుకున్నది చలి కాదు, మన మార్చి ఎండే గడ్డకట్టి తిరిగొచ్చింది. దాన్ని పట్టుకుని ‘కూల్ కూల్’ అంటున్నాం.

ఆ తెల్లటి గుడ్డ కింద ఏముందో చెప్పనా? మార్చి వానలకు రాష్ట్రంలో పోయిన పంట 2,28,255 ఎకరాలని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ స్వయంగా చెప్పారు. అందులో మొక్కజొన్నే 1,29,446 ఎకరాలు, వరి 72,709, మామిడి 8,865. ఎకరాకు 10,000 రూపాయలన్నారు. కౌలు రైతుకే అందాలన్నారు. ఆ మాట మంచిదే, కాదనను. కానీ మొక్కజొన్న రైతు పెట్టిన విత్తనం, ఎరువు, కూలీ, కౌలు కలిపితే ఆ 10,000 ఏ మూలకు? పంటల బీమా ఉంటే అడిగేవాడు. కేంద్రం తెచ్చిన ఫసల్ బీమాలోంచి రాష్ట్రం 2020లోనే బయటికి వచ్చేసింది. అప్పటికింకా దాని స్థానంలో ఇంకో బీమా రాలేదు. పరిహారం కోసం కేంద్రాన్ని అడగబోమన్నారు, అది ఆత్మగౌరవం కాబోలు. పొలం రైతుది, గౌరవం ప్రభుత్వానిది.

ఏప్రిల్‌లో వాన మళ్ళీ కొట్టింది. కంకిలో ఉన్న గింజ నేల రాలింది, కల్లంలో ఉన్న ధాన్యం తడిసి మొలకెత్తింది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. ఆకాశం మాత్రం రోజూ తడుపుతుంది. రైతు పొద్దున టార్పాలిన్ తీసి ఆరబోయడం, సాయంత్రం ఉరుము వినగానే పరుగెత్తి కప్పడం. లారీ ఎక్కించాక మిల్లు దగ్గర తరుగు పేరుతో కోత. ఇదంతా జరుగుతుంటే నగరంలో మనకు వాతావరణం ‘రొమాంటిక్’గా ఉంది. సిగ్గుండాలి.

నగరంలోనైనా ఏం ఉద్ధరించింది? ఏప్రిల్ 29 పొద్దున, మా పేటకు కాస్త దూరంలోనే కళాసిగూడలో, పాల కోసం వెళ్ళిన చిన్నపిల్ల తెరిచి ఉన్న నాలాలో పడి కొట్టుకుపోయి చచ్చిపోయింది. పెద్ద వరద కాదు, తుపాను కాదు. ఒక ఎండాకాలపు వాన, మూత లేని ఒక గుంత. అదే రోజు నా ఫోన్‌కు వచ్చిన సందేశం, ‘వెదర్ అదిరింది, మిర్చీ బజ్జీ ఎవరికి కావాలి?’ నాకు బజ్జీ వద్దు. నాలా మీద మూత కావాలి. వాన అకాలంలో రావడం మన చేతిలో లేదు సరే, మూత కూడా మేఘాల్లోంచి పడాలా?

మా పేట మెట్లబావిని దశాబ్దాల చెత్తలోంచి తవ్వి తీసి, 2022 డిసెంబర్ 5న తెరిచారు. ‘మన్ కీ బాత్’లో కూడా దాని పేరు వినబడింది. వందల ఏళ్ళ కిందట దాన్ని తవ్వినవాళ్ళకు వాన నీళ్ళు ఎటు పోవాలో తెలుసు. ఇప్పుడు ఆ మెట్ల మీద కూడా రీళ్ళే. తీసుకోనివ్వండి, కనీసం బావిని బావి అంటున్నారు.

ఇక ఈ వారపు మేలిముత్యం, ఒక సర్కారీ ప్రకటన. అకాల వానల బెడద తప్పాలంటే యాసంగి కోతలు మార్చి ఆఖరుకల్లా పూర్తయ్యేలా రైతుల్ని మళ్ళించాలట. అద్భుతం. మరి ఈ ఏడు మొదటి దెబ్బ పడిందే మార్చి 16న కదా! సరే, దానికి కూడా ముందే కోద్దాం. వరికి తక్కువలో తక్కువ నాలుగు నెలలు వేసుకున్నా నవంబర్ మొదట్లోనే నారు పోయాలి. అప్పటికి చాలాచోట్ల వానాకాలం వరి ఇంకా పొలంలోనే నిలబడి ఉంటుంది. పైగా చలికి నారు ఎదగదు. కాలువలో నీళ్ళు ఎప్పుడు వదలాలో తేల్చేది రైతూ కాదు. కాబట్టి సార్, ఆ ప్రకటనకు ఇంకో వాక్యం కలపండి. కోయని పంట మీదే కొత్త పంట నాటే మిషన్ ఒకటి, సబ్సిడీ మీద, మండలానికొకటి ఇప్పించండి.