ముక్కుండగా చీటీ ఎందుకు?

వృద్ధాశ్రమం వంటింట్లో కొత్తగా చేరారా? ఇరవై ఏళ్ల అనుభవంతో చెబుతున్నాను, రాసుకోండి. మీరు రాయడం ఇదే ఆఖరు. ఆపైన ఈ వంటింట్లో ఏదీ రాయనక్కర్లేదు.

1. డబ్బాల మీద చీటీలు అంటించొద్దు. ఏం వండాం, ఎప్పుడు వండాం, ఎప్పటిలోగా వాడాలి అని రాస్తూ కూర్చుంటే పోపు మాడుతుంది. అంతా మీ బుర్రలోనే ఉందిగా! మీరు సెలవు పెట్టి ఊరెళ్లిననాడు వంట చేసేవాళ్లు ఆ బుర్రకే ఫోను చేస్తారు.

2. మధ్యాహ్నం మిగిలిన అన్నం గుండిగలోనే రాత్రిదాకా ఉంచండి. వెడల్పాటి పళ్లాల్లో పల్చగా పరిచి, త్వరగా చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలట. 5 నుంచి 60 డిగ్రీల మధ్య క్రిములకు పండగట. పాపం, చేసుకోనివ్వండి.

3. రాత్రికి పొగలొచ్చేలా వేడిచేస్తే సరి. బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి అన్నంలో వదిలే వాంతుల విషం ఆ వేడికి కూడా చెక్కుచెదరదు. కానీ కంటికి కనబడనిదానికి మనమేం చేస్తాం?

4. ఫ్రిజ్‌లో పచ్చి కోడిమాంసం పై అరలో, పెరుగన్నం కింది అరలో. పైనుంచి నాలుగు చుక్కలు కారితే శాకాహారులకూ కాస్త బలం.

5. కొత్త సరుకు ముందు వరసలో, పాతది వెనక. అడుగున మిగిలిన పప్పుకి పురుగు పట్టాక ఆ డబ్బా మీద తేదీ ఎందుకూ? పురుగులే చెబుతాయి.

6. చక్కెర వేసిన పాయసం, వేయనిది ఒకేలాంటి గిన్నెల్లో పెట్టండి. షుగరున్న తాతగారికి ఏది వెళ్లిందో రేపు పొద్దున రక్తపరీక్షలో తేలుతుంది.

7. అనుమానమొస్తే వాసన చూడండి. రోగం తెచ్చే క్రిముల్లో చాలావాటికి వాసన ఉండదు. లిస్టీరియా అయితే ఫ్రిజ్ చలిలోనూ పెరుగుతుంది. అయినా తినేవాళ్లకు ఎనభై దాటాయి. నాలుక మొద్దుబారింది, నోరెత్తి అడగడానికి మొహమాటం. విరేచనాలైతే 'పెద్ద వయసు' అనేద్దాం.

మనకు రాయడం రాదని మాత్రం ఎవరూ అనలేరు. ఫ్యానుల రెక్కల మీద దాతల పేర్లు, ఫ్రిజ్ తలుపు మీద 'నాన్నగారి జ్ఞాపకార్థం' అని తేదీతో సహా రాయించాం. పేరూ తేదీ లేనిది ఆ తలుపు వెనకున్న కూర ఒక్కటే.