రెండుసార్లు మూసుకునే అట్టపెట్టె

నన్ను రెండుసార్లు మూయొచ్చు. అట్టపెట్టెలన్నిటికీ ఈ భాగ్యం లేదు. మామూలు పెట్టె గోదాములో టేపు వేయించుకుని బయల్దేరుతుంది. చేరిన ఇంట్లో కత్తికో కత్తెరకో దొరికి, అక్కడితో దాని పెట్టె బతుకు ముగిసిపోతుంది.

నా మూత అంచున రెండు జిగురు పట్టీలున్నాయి. చివరనున్నది గోదాములో నన్ను మూయడానికి. దానికి కాస్త లోపలున్న రెండోది నున్నటి కాగితం కప్పుకుని, తన అవసరం వచ్చేదాకా ఆగుతుంది. రెంటికీ మధ్య, అట్ట లోపలివైపు అతికించిన సన్నని దారప్పట్టీ ఉంది. దాని కొసను బయటికి వదిలారు. ఆ కొస పట్టుకుని లాగితే మూత ఆ గీత వెంట తెగుతుంది. మొదటి జిగురున్న అంచు నా డొక్కకే అంటుకుని ఉండిపోతుంది, మిగతా మూత చెక్కుచెదరకుండా లేస్తుంది. తిరిగి పంపాలనుకుంటే రెండో పట్టీ మీది కాగితం ఒలిచి, మూత దించి నొక్కాలి. టేపు కోసం కొట్టుకు పరుగెత్తే పని లేదు.

నా ఒంట్లో కొత్త చెట్టు తక్కువ, పాత అట్టలు ఎక్కువ. చిత్తు కాగితాల బండివాళ్లు ఏరితెచ్చిన డబ్బాలను నీళ్లలో నానబెట్టి, గుజ్జు చేసి, మళ్లీ కాగితంగా సాగదీశారు. గుజ్జయిన ప్రతిసారీ పీచు పొట్టిదవుతుంది, బిరుసెక్కుతుంది. అందుకే బలం తగ్గకుండా కొత్త పీచు కూడా కలుపుతుండాలి. అలాంటి కొత్త పీచు మన పక్క పొలాల్లోనూ పుడుతుంది. ప్రకాశం, నెల్లూరు మెట్టల్లో పెంచే సుబాబుల్, జామాయిల్ కర్ర లారీలకెక్కి కాగితం మిల్లులకు పోతుంది. రైతుకు అది నాలుగేళ్ల పంట. దాంతో చేసిన పెట్టె ఒక్క పూట బతికి చచ్చిపోతే ఆ నాలుగేళ్ల ఎండావానా ఎవరి ఖాతాలో రాసుకోవాలి?

పైన ఒక కాగితం, కింద ఒక కాగితం, మధ్యలో అలలుగా ముడతలు పడ్డ కాగితం. వ్యాపారంలో నన్ను త్రీ ప్లై అంటారు. మూడింటినీ కలిపేది మొక్కజొన్న పిండి జిగురు. ఈ ముడతల కాగితం మొదట పుట్టింది సరుకులు మోయడానికి కాదు. 1856లో ఇంగ్లండులో పొడుగు టోపీల లోపలి అస్తరు కోసం దానికి పేటెంటు తీసుకున్నారు. 1871లో న్యూయార్కులో ఆల్బర్ట్ జోన్స్ దాన్ని గాజు సామానుకు చుట్టడం మొదలుపెట్టాడు. 1879లో బ్రూక్లిన్‌లో రాబర్ట్ గేర్ కార్ఖానాలో సంచులకు మడత గీయాల్సిన ఇనప పట్టీ కాస్త పైకి లేచి కాగితాన్ని కోసేసింది. కోత, మడత ఒకే దెబ్బకు వేయొచ్చని గేర్‌కు అప్పుడు తట్టింది. నా దారప్పట్టీ గీత, జిగురు పట్టీల చోటు, మడతలు అన్నీ ఆ పద్ధతిలోనే ఒకే అచ్చులో పడ్డాయి.

నన్ను గీసిన మనిషి ముందు బూట్ల డబ్బా కొలిచింది. పొడవు 33, వెడల్పు 21, ఎత్తు 12 సెంటీమీటర్లు. మామూలుగా అయితే ఆ డబ్బాను తీసుకెళ్లి 40, 30, 20 కొలతల పెద్ద పెట్టెలో పెట్టి, ఖాళీని గాలి బుడగల కవర్లతో నింపుతారు. కొరియరు లెక్క బరువు ఒక్కదాని మీదే నడవదు. మూడు కొలతలూ గుణించి చాలామంది 5000తో భాగిస్తారు, అది అసలు బరువును మించితే వచ్చినన్ని కిలోలకు ఛార్జీ. పెద్ద పెట్టెకు 4.8 కిలోలు తేలుతుంది. బూట్ల డబ్బానే గట్టి అట్టతో చేసి నేరుగా పంపితే 1.66. లోపలున్న బూట్లు కిలో కూడా తూగవు. అంటే పెద్ద పెట్టెలో పోయేదంతా గాలి, ఆ గాలికి లారీలో చోటు, డీజిలు, డబ్బు. తిరుగు ప్రయాణంలో అదే గాలికి మళ్లీ కిరాయి. అందుకని ఆవిడ పై పెట్టె తీసేసింది. బూట్ల డబ్బా, పార్సిల్ పెట్టె రెండూ నేనే అయ్యాను.

నాకు చేరవలసిన ఊరు అల్లూరు. జాతీయ రహదారి దిగి సముద్రం వైపు వస్తే వరి మళ్లు, వాటి వెనక రొయ్యల గుంటలు, ఇసకపల్లి వైపు ఉప్పు మడులు. అట్టకు ఇది కష్టమైన దేశం. కాగితం గాలిలోని తేమను తాగుతుంది. పొడి గాలిలో మోసే బరువులో దాదాపు సగమే బాగా చెమర్చిన గాలిలో మోయగలుగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం కురిసే రోజుల్లో నెల్లూరు తీరంలో అట్టపెట్టెలు అడుగు నుంచి ఉబ్బి మూలలు జారిపోతాయి. బెంగళూరులోనో ఢిల్లీలోనో ఏసీ గదిలో కూర్చుని పెట్టె గీసేవాళ్లు తీరప్రాంతపు తేమలో దాన్ని నిలబెట్టి చూడాలి. నన్ను గీసినావిడ చూసింది. పై కాగితం మందం పెంచింది, నీరు త్వరగా పీల్చకుండా మిల్లులోనే కాగితానికి మందు పట్టించమంది. ప్లాస్టిక్ పొర అతికిస్తే పని తేలికయ్యేది. కానీ ప్లాస్టిక్ అతుక్కున్న అట్టను గుజ్జు చేయడం కష్టమని ఆవిడ దాని జోలికి పోలేదు.

సాయంత్రం పూట ఒక కుర్రాడు బండి మీద, వీపున కొండంత సంచిలో నన్ను తెచ్చాడు. ఆ ఇంటాయన రొయ్యల గుంటల కాడ మేత చల్లే పనిలో ఉంటాడు. బూట్లు తొమ్మిదో తరగతి చదివే కూతురికి.

"ఆ కత్తిపీట ఇట్ట తీసకరామే" అంది తల్లి.

"కత్తిపీటెందుకమా, ఈడ లాగమని రాసుండాది గదా!"

నా మూత మీద తెలుగులో 'ఇక్కడ లాగండి' అని ముద్రించారు. పిల్ల లాగింది, చర్రుమని తెరుచుకున్నాను. కత్తిపీట మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. దాని అంచుకు గోధుమరంగు టేపు దొరక్కముందే లోపలి చీర దొరికిన ఇళ్లున్నాయి. తెరిచేటప్పుడు తెగిన గుడ్డను తిరిగి తీసుకోరు. ఆ నష్టాన్ని కొన్నవాళ్ల అజాగ్రత్త కింద రాసేస్తారు. కత్తి తప్ప గతిలేకుండా పెట్టెను మూసినవాళ్లదే ఆ తప్పని నేను గట్టిగా నమ్ముతాను.

బూటు తొడిగింది. "పక్కన నొక్కతా ఉండాదిమా." పొడవు సరిపోయింది, పాదం వెడల్పు సరిపోలేదు.

ఈ బూట్లు వెనక్కి పోవడానికి అసలు కారణం పెట్టె దగ్గర కాదు, బూటు అచ్చు దగ్గరే మొదలైంది. మన దగ్గర అమ్మే బూట్లకు ఇంగ్లండు సైజులే ఆధారం. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలు కొలిచింది. ఆ సైజుల కంటే మనవాళ్ల పాదాలు వెడల్పని తేల్చి, 'భా' అనే పేరుతో మన సొంత సైజుల పద్ధతిని ప్రతిపాదించింది. అది అంగళ్లకు వచ్చేదాకా అల్లూరు పిల్ల కాలి వేళ్లు పరాయి అచ్చులో నలగాల్సిందే, నాలాంటివాళ్లు వెనక్కి తిరగాల్సిందే.

తిరిగి తీసుకోవడం ప్రతిసారీ కంపెనీ దయ కాదు. 2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం సరుకు లోపంతో వచ్చినా, చెప్పిన లక్షణాలు లేకపోయినా అమ్మినవాడు వెనక్కి తీసుకోనంటే కుదరదు. రిటర్ను, రీఫండు షరతులు ముందే చెప్పాలి. హక్కు కాగితం మీద ఉంది. దాన్ని వాడుకోవడానికి చేతిలో పనికొచ్చే పెట్టె ఉండాలి కదా. చాలా ఇళ్లలో పరుపు కింద పాత కొరియరు కవర్లు దాచి ఉంచేది ఇందుకే.

పిల్ల తల్లి రిటర్ను పెట్టింది. మర్నాడో ఆ మర్నాడో అదే కుర్రాడొచ్చాడు. బూటు అడుగు తిప్పి చూశాడు, మట్టి లేదు. ట్యాగు ఉందా లేదా చూసుకుని ఫొటోలు తీశాడు.

"అక్కా, కవరేదన్నా ఉండాదా? టేపు కూడా అయిపోయింది, అది మేం కొనుక్కోవాల్సిందే."

"కవరెందుకబ్బయ్యా? ఆ పెట్టే మూసుకుంటాది, సూడు."

కాగితం ఒలిచి మూత నొక్కింది. కుర్రాడు నా డొక్కమీద ముందే ముద్రించిన గుర్తును ఫోనుతో స్కాన్ చేశాడు. లేబులు మీద లేబులు అంటించే పని కూడా లేకపోయింది. లేబులు జిగురు, టేపు, ఇవే మిల్లులో గుజ్జుకు పట్టే చీడ. పని ఇట్టే అయిపోవడంతో "ఇట్టాంటియ్యే పంపిస్తే బాగుండు" అంటూ అతను పక్క వీధికి పోయాడు. చీకటి పడేలోగా ఇంకా చాలా గడపలు ఎక్కాల్సిన మనిషికి ఒక్కో గడపలో మిగిలే ఐదు నిమిషాలు ఎంత విలువైనవో నేను ఆ సంచిలో కూర్చుని చూశాను.

తిరిగి వెళ్లే పెట్టె అల్లూరుకు కొత్త సంగతేమీ కాదు. పుట్టి వడ్లు తూచి మిల్లుకు పంపితే గోతాలు మళ్లీ కళ్లానికి చేరతాయి. గుంట పట్టినరోజు రొయ్యలు ఐసుతో కలిసి ప్లాస్టిక్ ట్రేలలో పోతాయి, కడిగిన ట్రేలు తర్వాతి గుంట గట్టుకు వస్తాయి. గ్యాసు సిలిండరు ఖాళీది ఇస్తేనే నిండుది దిగుతుంది. ఇవన్నీ నడిచేది బండి ఎలాగూ వెనక్కి పోతుంది కాబట్టి, వస్తువుకు లెక్క చూసేవాడు ఒకడు ఉన్నాడు కాబట్టి. ఫిన్లాండులో 2011లో మొదలైన రీప్యాక్ అనే సంస్థ ఇదే పని ఆన్‌లైన్ సరుకుకు చేస్తోంది. సరుకు తీసుకున్నాక దాని సంచిని ఉత్తరమంత మడిచి పోస్టుడబ్బాలో వేస్తే తిరిగి చేరుతుంది, మళ్లీ వాడతారు. మన దగ్గర అంతకన్నా తేలిక. మనిషే గడప దాకా వస్తాడు, అతని సంచి వెళ్లేటప్పుడు దాదాపు ఖాళీ. ఆ ఖాళీలో పెట్టడానికి తగిన పెట్టె తయారుచేయడం ఒక్కటే మిగిలిన పని.

అమెజాన్ ఇండియా 2020లో, ఫ్లిప్‌కార్ట్ 2021లో తమ గోదాముల ప్యాకింగులోంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను తీసేశామని ప్రకటించాయి. అది మంచి పని, పెద్ద పని. కానీ చిన్న అమ్మకందారులు సొంతంగా పంపే సరుకులో పాలిథిన్ కవర్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. 2022 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నిషేధ జాబితాలో స్ట్రాలు, స్పూన్లు, పళ్లేలు ఉన్నాయి, కొరియరు కవర్లు లేవు. బకింగ్‌హాం కాలువ గట్టున గాలికి ముళ్లకంపకు తగులుకుని ఆడేవి అవే. ప్లాస్టిక్ తీసి కాగితం పెట్టినా, ఒక్కసారి చించి పారేసేదైతే సగం పనే అయినట్టు.

రిటర్ను తేలిక చేస్తే జనం ఊరికే తిప్పి పంపుతారని వ్యాపారుల్లో భయం ఉంది. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. వెనక్కి వచ్చే ప్రతి పార్సిలుకూ డీజిలు కాలుతుంది, ఎవరో ఒకరు ఆ ఖర్చు భరించాలి. కానీ రిటర్నును కష్టం చేస్తే కాలు సన్నబడదు. ఆ బూట్లు అటక మీద పడి ఉంటాయి, ఆ తల్లి ఇంకోసారి కొనదు. తిప్పి పంపే అవసరమే తగ్గించాలంటే కొలత తెలియాలి. అందుకే నా మూత లోపల ఆవిడ సెంటీమీటర్ల గళ్లు అచ్చు వేయించింది, 'పాదం ఇక్కడ ఆనించి చుట్టూ గీయండి' అని తెలుగులో రాయించింది. నన్ను తిరిగి మూసేముందే పిల్ల మూత మీద కాలు పెట్టి పెన్సిలుతో గీసుకుంది. పొడవు ఒక చోట, వెడల్పు ఒక చోట స్పష్టంగా తేలాయి. ఆ గీత చూసుకున్నాకే వాళ్లు రెండోసారి వెడల్పు రకం ఆర్డరు పెట్టారు.

గోదాములో నన్ను తెరిచారు. బూట్లు కొత్తవిగానే ఉన్నాయి, వాటికి ఇంకో పెట్టె దొరుకుతుంది. నాకు మూడో జిగురు పట్టీ లేదు, ఉన్నా మూలలు నలిగిన ఒంటితో మూడో ప్రయాణం నమ్మదగ్గది కాదు. నన్ను చదును చేసి అట్టల కట్టలో వేస్తారు, మిల్లుకు పోతాను. టేపు లేదు, ప్లాస్టిక్ లేదు, నేరుగా నీళ్లలో వేయొచ్చు. అడగాల్సింది ఒక్కటే మిగిలింది. నా మూత లోపల అల్లూరు పిల్ల పాదం గీసి ఉంది. వాపసు వచ్చిన సరుకు చూసేవాళ్ల ఫారంలో 'చిన్నది', 'పెద్దది' అన్న గడులే ఉన్నాయి, వెడల్పుకు గడి లేదు. నన్ను కట్టలో పడేసేముందు ఆ గీతకు ఒక ఫొటో తీసి, బూటు అచ్చు తయారుచేసేవాళ్లకు పంపే గడి ఒకటి పెట్టండి.