సెల్లార్ సవారీ

నాచారం పెద్దమనిషి ఒకాయన జర్మనీ కారు కొన్నారు. గంటకు 250 కిలోమీటర్లు దాటకుండా కంపెనీయే కళ్లెం వేసి పంపింది. పాపం, వాళ్లకెందుకా శ్రమ? ఆ పని ఉప్పల్ రింగ్ రోడ్డు ఉచితంగానే చేసిపెట్టేది!

నారపల్లి వైపు 2018లో శంకుస్థాపన జరిగి, ఏళ్ల తరబడి స్తంభాలుగానే నిలబడ్డ ఫ్లైఓవర్ కింద ఒక్కసారి తిప్పారు. గుంతలో బండి పొట్ట గీసుకున్న చప్పుడుకి ముందు ఆయన గుండె ఆగింది. అప్పట్నుంచి కారు సెల్లార్లో, ముసుగు కింద.

ఇప్పుడాయన షేర్ ఆటోలో, డ్రైవర్ పక్కన అరసీటు మీద, ఒక కాలు గాల్లో పెట్టి హబ్సిగూడ చేరతారు. అక్కణ్నుంచి మెట్రో. కింద ఆగిపోయిన కార్లను చూసి 'డ్రైవింగంటే నాకు ప్రాణం' అని నిట్టూరుస్తారు. లైఫ్ టాక్స్ లక్షల్లో కట్టారు, ఆ మాత్రం హక్కుంది లెండి.

ఆదివారం పొద్దున్నే సెల్లార్లోకి దిగి, పిల్లిని అదిలించి, ముసుగు తీసి, బ్యాటరీ చావకుండా పావుగంట ఇంజను ఆన్‌చేసి స్టీరింగ్ పట్టుకు కూర్చుంటారు. వాచ్‌మన్ అద్దం తట్టి అడుగుతాడు: "ఏడిదాక పోయిండ్రు సార్?"

"ఘట్‌కేసర్ దాటిన!"